ఒంటరిగా కనిపించే సంఖ్యే అంతరఖండమా?

ప్రశ్న: 2ఎక్స్ − 5వై = 15 అనే సరళరేఖకు వై-అంతరఖండం కనుక్కోమన్నారు. పక్కన ఎక్స్ గానీ వై గానీ లేని సంఖ్య 15 కదా అని అదే రాశాను. జవాబు −3 అట. ఎలా వచ్చింది? ఎక్స్ = 4 అనే రేఖకైతే ఎంత?

జవాబు: వై-అంతరఖండం అంటే రేఖ వై-అక్షాన్ని ఖండించే చోట వై విలువ. వై = ఎంఎక్స్ + సి అని రాసినప్పుడు సి వై-అంతరఖండం అవుతుంది, నిజమే. కానీ అక్కడ వై ఎడమవైపు ఒక్కటే ఉంది, దాని గుణకం 1. మీ సమీకరణంలో వై ముందు −5 ఉంది. దాన్ని వదిలించుకోకుండా 15ను సి అనుకోకూడదు.

సూత్రం కన్నా బొమ్మను గుర్తుపెట్టుకోండి. వై-అక్షం మీద ఏ బిందువు తీసుకున్నా దాని ఎక్స్ నిరూపకం సున్నాయే. రేఖ ఆ అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో తెలియాలంటే ఎక్స్ స్థానంలో 0 వేస్తే చాలు. 2ఎక్స్ పోయి −5వై = 15 మిగులుతుంది. రెండువైపులా −5తో భాగిస్తే వై = −3. ఖండన బిందువు (0, −3). ఇక్కడ చాలామంది 5తో భాగించి 3 రాసేస్తారు. రుణ గుర్తు కూడా గుణకంలో భాగమే. అక్షం మీద మూలబిందువు నుంచి దూరం 3 కావచ్చు, అంతరఖండం మాత్రం −3. తొందరలో ఎక్స్‌కు బదులు వైని సున్నా చేస్తే 7.5 వస్తుంది, అది ఎక్స్-అంతరఖండం.

సరిచూసుకోవడానికి మొత్తం సమీకరణాన్ని మార్చి రాయండి: −5వై = −2ఎక్స్ + 15, అంటే వై = (2/5)ఎక్స్ − 3. ఇప్పుడు చివరి సంఖ్యను ధైర్యంగా చదవచ్చు.

వై − 4 = 3(ఎక్స్ − 2) లాంటి రూపంలో 4 మీద చూపు పడుతుంది, జాగ్రత్త. ఎక్స్ = 0 వేస్తే వై − 4 = −6, కాబట్టి అంతరఖండం −2.

ఇక ఎక్స్ = 4. ఈ రేఖ మీద ప్రతి బిందువుకూ ఎక్స్ విలువ 4, ఎప్పటికీ 0 కాదు. నిలువుగా, వై-అక్షానికి సమాంతరంగా పోతుంది, దాన్ని తాకదు. అందుకే దీనికి వై-అంతరఖండం లేదు. ‘లేదు’ అనడానికి బదులు ‘0’ అని రాస్తే తప్పు. 0 అంటే రేఖ మూలబిందువు దగ్గర అక్షాన్ని ఖండిస్తోందని అర్థం, వై = 3ఎక్స్ లాగా.