పిల్లలకు కిడ్నీ బయాప్సీ: గుర్తు పెట్టి తీయడమా, స్కాన్ చూస్తూ తీయడమా?

మీ బాబుకి ఆరేళ్లు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (యూరిన్‌లో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) అని రాశారు. ఆరు వారాలు రోజూ వైసలోన్ (స్టెరాయిడ్ మందు) వేసినా యూరిన్‌లో ప్రొటీన్ తగ్గలేదు, బయాప్సీ, అంటే కిడ్నీ ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. ఒకచోట స్కాన్ చూస్తూనే సూదితో తీస్తామన్నారు, ఇంకోచోట స్కాన్‌లో గుర్తు పెట్టుకుని తర్వాత తీస్తామన్నారు, చుట్టాలేమో ఆపరేషన్ చేసి తీయిస్తేనే సేఫ్ అంటున్నారు. ఏ సైజు సూది మంచిదో కూడా తెలియదు. ఇదే కదండీ మీ టెన్షన్. నేను డాక్టర్ని కాదు. కానీ మా పాపకి ఏడో ఏట రెండు నెలల తేడాతో రెండుసార్లు బయాప్సీ అయింది, రెండూ రెండు పద్ధతుల్లో. అందుకే రాస్తున్నాను.

మొదటిసారి గుర్తు పెట్టే పద్ధతి. పాపని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద తువాలు చుట్టి పెట్టారు. స్కాన్‌లో ఎడమ కిడ్నీ కింది కొస ఎక్కడుందో చూసి వీపు మీద పెన్నుతో గుర్తు పెట్టారు. ఆ తర్వాత స్కాన్ మెషిన్ పక్కకి జరిపేసి సూది వేశారు. ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కిడ్నీ కిందికీ పైకీ కదులుతుందని అప్పటికి నాకు తెలియదు. పెద్దవాళ్లయితే చెప్పగానే ఊపిరి బిగబడతారు. సగం మత్తులో ఏడుస్తున్న పిల్లకి అది ఎలా కుదురుతుంది? మూడుసార్లు గుచ్చారు. వారం తర్వాత రిపోర్టులో నాలుగే గ్లోమెరులై ఉన్నాయని, శాంపిల్ సరిపోలేదని వచ్చింది. గ్లోమెరులై అంటే రక్తాన్ని వడగట్టే చిన్న చిన్న జల్లెడలు. అవి కిడ్నీ పైపొరలోనే ఉంటాయి. సూది లోతుకి పోతే ముక్క వస్తుంది గానీ అందులో జల్లెడలు ఉండవు. ఆ కాగితం పట్టుకుని వరండాలోనే ఏడ్చేశాను. ఆ చిన్న వీపు మీద మూడు గాట్లు, చేతికి వచ్చింది మాత్రం ఏమీ లేదు.

నాలుగు ఎందుకు చాలవో రెండోసారి బయాప్సీ చేసిన డాక్టరుగారు కాగితం మీద గీసి చెప్పారు. మందుకి లొంగని పిల్లల్లో ఎఫ్ఎస్‌జీఎస్ అనే కిడ్నీ జబ్బు ఉందేమోనని చూస్తారు. ఆ జబ్బు అన్ని జల్లెడల్లోనూ ఉండదు, కొన్నింటిలోనే మచ్చలు పడతాయి. కాబట్టి తక్కువ జల్లెడలు చూస్తే జబ్బున్నా కంటపడకుండా పోవచ్చు. పదైనా ఉండాలి, ఇరవై దాటితే ధైర్యంగా చెప్పగలం అన్నారు.

రెండోసారి స్కాన్ చూస్తూ తీశారు. ముందు రోజు సాయంత్రం డాక్టరుగారు పాప మంచం దగ్గరికి వచ్చి బయాప్సీ గన్ (ముక్క తీసే సూది పరికరం) చూపించి, గాల్లో ఒకసారి నొక్కి ఆ 'టక్' శబ్దం వినిపించారు. "రేపు ఇదే వినిపిస్తుందమ్మా, ఉలిక్కిపడకు" అన్నారు. మర్నాడు మత్తు డాక్టరు తల దగ్గరే ఉన్నారు. మిడజోలమ్, కెటమిన్ అనే మత్తు మందులు ఇచ్చారు, చర్మం దగ్గర మళ్లీ తిమ్మిరి ఇంజెక్షన్. సూది కొన స్క్రీన్ మీద తెల్లగా కనిపిస్తుంటే, అది కిడ్నీ అంచుకి ఆనాకే గన్ నొక్కారు. రెండే రెండుసార్లు. అగ్గిపుల్ల కన్నా సన్నంగా ఉన్న ముక్కని అక్కడికక్కడే టెక్నీషియన్ మైక్రోస్కోప్ కింద పెట్టి "జల్లెడలున్నాయి సార్" అన్నాకే పాపని బయటికి తెచ్చారు. రిపోర్టులో 22 వచ్చాయి.

ఇది విని గుర్తు పెట్టే పద్ధతి తప్పని అనుకోకండి. 1951లో డెన్మార్క్‌లో ఐవర్సన్, బ్రున్ అనే డాక్టర్లు మనిషిని కూర్చోబెట్టి సూదితో తీసినప్పుడు చాలామందికి పనికొచ్చే ముక్క రాలేదట. 1954లో షికాగోలో కార్క్, మ్యూర్కీ బోర్లా పడుకోబెట్టి తీస్తే నూటికి 96 మందికి వచ్చింది. అప్పటికి ఈ స్కాన్లే లేవు. చేయి తిరిగిన డాక్టరైతే గుర్తుతోనూ బాగా తీస్తారు. కానీ స్కాన్ చూస్తూ తీసే వీలు ఉన్నప్పుడు, ఊపిరి బిగబట్టలేని ఆరేళ్ల పిల్లాడికి నేనైతే అదే అడుగుతాను.

ఆపరేషన్ చేసి తీయడం సేఫ్ అన్నమాట మాత్రం వినకండి. ఒకే కిడ్నీ ఉన్నా, సూది అందకపోయినా అలా ఆలోచిస్తారు. రక్తం గడ్డకట్టని సమస్య ఉంటే మెడలోని రక్తనాళం లోంచి తీసే పద్ధతి కూడా ఉంది. మామూలు పిల్లలకి అంత మత్తూ అంత గాయమూ అక్కర్లేదు.

ఇక సూది సైజు సంగతి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. పిల్లలకి 16 గానీ 18 గానీ వాడతారు. 16తో ముక్క కాస్త లావుగా వస్తుంది. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి, ఆ డాక్టరుకి ఏది అలవాటో అదే మంచిది. సూది కొన స్క్రీన్ మీద చూస్తూ తీస్తారా, ముక్క అక్కడే చూసేవాళ్లు ఉంటారా, మత్తు ఎవరిస్తారు, ఈ మూడే అడగండి. ముందు రోజు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టెస్టులు, బీపీ ఎలాగూ చూస్తారు. బీపీ కంట్రోల్‌లో లేకపోతే వాయిదా వేస్తారు, దానికి కంగారు పడొద్దు.

తీశాక మా పాపని ఆ రాత్రంతా కదలకుండా పడుకోబెట్టారు. వచ్చిన యూరిన్ ప్రతిసారీ ఒక్కో చిన్న సీసాలో పట్టి, టైము రాసిన ప్లాస్టర్ అంటించి కిటికీ గట్టు మీద వరసగా పెట్టమన్నారు. మొదటిది పాలు లేని టీ రంగు. నా గుండె జారింది. రెండోది కొంచెం తేలిక, తెల్లవారుజామున నాలుగోది మామూలు రంగు. నర్సమ్మ ఒక్కో సీసా ట్యూబులైటుకి ఎత్తి చూసి "తగ్గుతోంది కదమ్మా, పడుకో" అంది. రంగు తగ్గకుండా ముదురుతున్నా, గడ్డలు పడినా, నడుం నొప్పి పెరిగినా, యూరిన్ రాకపోయినా వెంటనే పిలవండి. రక్తం ఎక్కించాల్సి రావడం పిల్లల్లో నూటికి ఒకరికి అటూ ఇటూ ఉంటుందట. ఇంటికొచ్చాక రెండు వారాలు గెంతులు, సైకిలు, స్కూలు బ్యాగు మోయడం మాన్పించాం.

డిశ్చార్జి రోజు ఒక పని మర్చిపోకండి. రిపోర్టుతో పాటు స్లైడ్లు (ముక్క పొరలు అంటించిన గాజు పలకలు), బ్లాకులు (మైనంలో దాచిన ముక్క) ఎక్కడ ఉంచుతారో, కావాలంటే ఎలా ఇస్తారో రాయించుకోండి. మొదటిసారి మాకది తెలియక రెండో డాక్టరుగారు అడిగినప్పుడు ఇవ్వలేకపోయాం.