అనపకాయ ముదిరిందా, ముదిరిపోయిందా?

సందేహం: మా పెరట్లో సంక్రాంతి దాటాక అనపచెట్లు కడగొట్టు కాపుకు వచ్చాయి. కాయలు ముదిరిపోయాయి. గింజలు ఒలిచి, చెట్టున మిగిలిన ముదురు వంకాయలు కూడా వేసి పులుసు పెట్టాను. రాజమండ్రిలో ఉన్న మా వియ్యపురాలికి ఫోనులో ఆ సంగతి చెబితే, “ఆనపకాయ గింజలతో పులుసేమిటి వదినగారూ, అవి తీసి పారేస్తాం కదా!” అన్నారు. ఆవిడ సొరకాయను ఆనపకాయ అంటారట. మా ఇద్దరిలో ఎవరిది సరైన తెలుగు? ఈ వంటను ఒక పత్రికకు రాసి పంపాలనుకుంటున్నాను. ‘ముదిరిపోయిన కాయలు’ అని రాస్తే చెడిపోయినవి వండానని అనుకుంటారేమో! ‘కడగొట్టు కాపు’ అనవచ్చా? కూరగాయలు అనాలా, కాయగూరలు అనాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ముందు వియ్యపురాళ్ల తగవు తీరుద్దాం. ఇద్దరిదీ సరైన తెలుగే. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, దాని గింజలే అనుములు. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ ఈ మాట ఇంకా ఉమ్మడి ఆస్తిగానే ఉంది. గోదావరి జిల్లాల నుంచి ఉత్తరాంధ్ర దాకా మాత్రం ఆనపకాయ అంటే మీరు సొరకాయ అనేదే. మీది హ్రస్వం, ఆవిడది దీర్ఘం కాబట్టి తేడా తెలిసిపోతుందని వాదించవచ్చు. కానీ అటువైపు సొరకాయను హ్రస్వంతోనే ‘అనపకాయ’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పైగా ఫోనులో మాత్రాభేదాలు ఎవరు కొలుస్తారు? ‘గింజలు’ అని చేర్చినా మీకు లాభం లేకపోయింది, సొరకాయకూ గింజలుంటాయి మరి. అందుకే పత్రికకు రాసేటప్పుడు మొదటిసారి ‘అనపగింజలు (పచ్చి అనుములు)’ అని రాయండి. అనుములు అంటే సొరకాయ గింజలని ఎవరూ పొరబడరు. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు అనపకాయలనే రాసుకోవచ్చు.

సొర అనే మాట తమిళం నుంచి వచ్చి సీమలో చేరిందని కొందరు అంటుంటారు. తమిళంలో సురై, కన్నడంలో సోరె, తెలుగులో సొర. ఇవి ఒకే మూలం నుంచి మూడు ఇళ్లలో పెరిగిన మాటలు, ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నవి కావు. ఆనపకాయ అనేవాళ్లు కూడా గొప్పలు చెప్పుకునేవాణ్ణి చూస్తే ‘సొరకాయ కోతలు కోస్తున్నాడు’ అనే అంటారు. ఆనపకాయ కోతలు నేను ఎక్కడా వినలేదు.

ఇక చిక్కుడుకూ అనపకూ తేడా ఏమిటంటే, వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకటే జాతి. వంటింటి లెక్క వేరు. చిక్కుడును తొక్కతో సహా తింటాం, అనపను గింజ కోసం పెంచుతాం. దీని పాత రకాలు పగటిపొద్దు తగ్గితేనే పూస్తాయి. చలికాలంలో, సంక్రాంతి ముందూ వెనకా, పలమనేరు, కుప్పం వైపు సంతల్లో అనపకాయల రాశులు కనిపించడానికి కారణం అదే. పొద్దు పెరిగే కొద్దీ పూత తగ్గి, శివరాత్రి నాటికి తీగ మీద ముదురు కాయలే మిగులుతాయి. మీ పెరట్లో జరిగింది ఇదే.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను. మీ భయంలో అర్థం ఉంది. అయితే తప్పు ‘ముదురు’లో లేదు, దాని పక్కన చేరిన ‘పోవు’లో ఉంది. తెలుగులో క్రియ మీద ‘పోవు’ చేరితే పని పూర్తయిందని చెప్పడమే కాదు, చాలాచోట్ల ‘అయ్యో’ అన్న ధ్వని కూడా చేరుతుంది. ఎండింది వేరు, ఎండిపోయింది వేరు. వడియాలు ఎండాయి, మొక్క ఎండిపోయింది. అలాగే బెండకాయ ముదిరిపోతుంది, గుమ్మడికాయ ముదురుతుంది. ‘గుమ్మడికాయ ముదిరిపోయింది’ అని ఏ ఇల్లాలూ బాధపడదు. ముదిరితేనే దానికి తీపి, ముదిరితేనే అటక మీద నెలల తరబడి నిలవ. బూడిదగుమ్మడి సరేసరి, ఒంటినిండా బూడిద పట్టేదాకా ముదరకపోతే వడియాలకు పనికిరాదు. బీరకాయ ముదిరితే పీచు కడుతుంది, అది కూర దృష్టిలో ‘ముదిరిపోవడం’. అంటే కాయ వయసును ‘ముదురు’ చెబుతుంది, మీరు దానితో ఏం చేయదలచుకున్నారో ‘పోవు’ చెబుతుంది.

అనపకాయ దగ్గర ఈ తేడా మరీ ముచ్చటగా ఉంటుంది. ఒకే కాయలో తొక్క ముదిరిపోతుంది, గింజ ముదురుతుంది. లేత కాయను తొక్కతోనే వండుకుంటారు. గింజ నిండాక ఒలిచి కూరలోనో పులుసులోనో వేస్తారు. ఇంకాస్త ముదిరిన పచ్చి గింజను రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే పైపొట్టు ఊడి లోపలి పప్పు జారి వస్తుంది. అదే పితికిపప్పు. సంగటిలోకి దానికి సాటి వచ్చే పులుసు మరొకటి లేదని చిత్తూరు వాళ్లు అంటే నేను ఎదురు చెప్పను. పాలు పితుకుతాం చూశారూ, ఆ పితుకే ఇది. ‘పితికిన పప్పు’ వాడుకలో పితికిపప్పు అయింది. సరిహద్దు దాటి కన్నడం వైపు వెళితే ఇదే క్రియ ‘హిదుకు’. పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు, అక్కడ మాట మొదటి పకారం హకారమైంది. తమిళంలోనూ ‘పిదుక్కు పరుప్పు’ అంటారు. మూడు భాషల వాళ్లూ ముదిరిన గింజను ఒకేలా నొక్కి, ఒకే క్రియతో పేరు పెట్టుకున్నారు. లేత గింజకు ఈ వైభవం లేదు, నొక్కితే చితికిపోతుంది.

పూర్తిగా ఎండితే అవే అనుములు. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి తాలింపు వేసుకోవాలి. ఎండు అనుములను పచ్చిగా నమలడం మంచిది కాదని మీ వ్యాసంలో ఒక వాక్యం రాయండి. ఇది భాష సంగతి కాకపోయినా చెప్పకుండా ఉండలేను.

‘బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరావు’ అనే సామెత వల్ల ముదురుకు చెడ్డపేరు వచ్చింది. బ్రహ్మచారుల సంగతి వాళ్లే చూసుకుంటారు. బెండకాయ విషయంలో మాత్రం ఆ సామెత చెప్పినవాళ్లకు పెరడు లేదని నా అనుమానం. చెట్టు మీద ముదిరి ఎండిన కాయే కదా, వచ్చే ఏటికి విత్తనం!

వ్యాకరణం కోసం ఒక్క మాట. ‘ముదురు వంకాయ’ అంటే దాని స్థితి చెప్పినట్టు, ‘ముదిరిన వంకాయ’ అంటే అంతకు ముందు లేతగా ఉండేదన్న కథ కూడా చెప్పినట్టు. రెండూ ఒప్పే. కదులు – కదిలిన, పెరుగు – పెరిగిన లాగే ముదురు – ముదిరిన. ముదిమి, ముదుసలి దీని చుట్టాలే. ముదిరిన వంకాయకు గింజ కట్టి ‘కనరు’ ఎక్కుతుంది. చేదనీ వగరనీ విడిగా చెప్పలేని ఆ రుచికి ఇంత సరిపోయే మాట ఉండగా, వంటల పుస్తకాల్లో అందరూ ‘చేదు’ అని రాసి ఊరుకుంటున్నారు. మీరైనా కనరు అని రాయండి. తరిగిన ముక్కలను ఉప్పునీళ్లలో వేస్తే, పైగా చింతపండు పులుసు తగిలితే, కనరు అణుగుతుందనీ రాయండి. ఉల్లిపాయలు దోరగా వేయించాలని కూడా రాస్తారు కదా, ఆ ‘దోర’ కూడా తోటలో మాటే. పచ్చికీ పండుకీ నడుమ ఉన్న జామకాయ దోరకాయ. పొయ్యి మీద సగం రంగు మారిన ఉల్లిపాయకు అదే పేరు పెట్టుకున్నాం.

‘కడగొట్టు కాపు’ నిక్షేపంగా అనవచ్చు. కడగొట్టు బిడ్డ అనడం లేదా? తొలికాపుకు ఎదురుగా ఇంత నిండైన మాట ఉన్నప్పుడు ‘సీజను చివర్లో’ అనే అవసరమేముంది?

కూరగాయలు, కాయగూరలు రెండూ సాధువులే. కూర అంటే మొదట ఆకుకూర. కూర, కాయ కలిసిన ద్వంద్వ సమాసంలో రెండో పదం మొదటి కకారం గకారమవుతుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ద్వంద్వానికి చూపిన ఉదాహరణల్లో కూరగాయలు ఉంది, తల్లిదండ్రులు ఉంది. పదాలను తిప్పి పెట్టినా సూత్రం అదే కాబట్టి కాయగూరలు అవుతుంది. రాతలో కూరగాయలకే వాడుక ఎక్కువ, మీరూ అదే వాడండి. మీ వైపు వండిన కూరను, అందులో ఒక్క ఆకు లేకపోయినా, ‘కూరాకు’ అంటారు. అది కూడా పాత జంటే. వంట పేరు ‘ముదురు అనపగింజల పులుసు’ అని పెట్టి, మొదటి వాక్యంలోనే ‘మా ఇంట్లో ఆ రోజు కూరాకు ఇదే’ అని రాసి పంపండి. పత్రిక వాళ్లు దిద్దబోతే ఈ సమాధానం చూపించండి.