కొటేషన్‌ని కింది నుంచి చదువు

అల్లుడూ,

కంప్యూటర్ కొనడానికి శనివారం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. పార్క్ లేన్‌లో అడుగు పెట్టగానే ఒక్కో షాపువాడు ఒక్కో కొటేషన్ రాసిస్తాడు. అన్నింట్లోనూ మొదటి లైను ప్రాసెసరే. నువ్వు మాత్రం కింది నుంచి చదువు. అడుగున ఎక్కడో 'క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్' అని ఉంటుంది, కంపెనీ పేరుండదు. వాడు మిగుల్చుకునేది అక్కడే.

గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి బోర్డుకీ డిస్కుకీ పంచే డబ్బానే ఈ ఎస్‌ఎంపీఎస్. నాసిరకందైతే పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోతుంది. నా మొదటి సిస్టమ్ అలాగే పోయింది. ఎండాకాలం ఓ సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. టప్‌మని శబ్దం, కాలిన వాసన. డబ్బులు మిగిల్చానని అంతకుముందే మీ అత్తయ్య దగ్గర గొప్పలు పోయాను కూడా! అందుకే పేరున్న కంపెనీది, వారంటీతో, విడిగా రాయించు. దాంతోపాటు యూపీఎస్ తీసుకో. అది గంటలు గంటలు పని చేసుకోవడానికి కాదు, ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టడానికి. దానికి సీపీయూ, మానిటర్ తగిలిస్తే చాలు. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ ఆగదు.

ర్యామ్ 8 జీబీతో గడుస్తుంది, 16 అయితే నిశ్చింత. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలుంటాయి; డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ఎక్కదు, గాడి వేరేచోట ఉంటుంది. విండోస్‌కి ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా పనిచేసే డిస్కు, పెట్టించు. కీబోర్డు, మౌస్ షాపులోనే వాడి చూడు. నెలకి నాలుగు కాగితాల కోసం ఇంక్ ప్రింటర్ వద్దు, ఇంకు ఎండి నాజిల్స్ మూసుకుపోతాయి. జిరాక్స్ షాపే నయం.

ఇంటికొచ్చాక తెర నల్లగానే ఉంటే టెన్షన్ పడకు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్ దానికే తగిలించావా, పొరపాటున మదర్‌బోర్డుకి పెట్టావా చూడు. అప్పటికీ రాకపోతే ప్లగ్గు పీకేసి, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, క్లిప్పు టక్‌మనేదాకా నొక్కు. మెకానిక్ వచ్చినా చాలాసార్లు చేసేది ఇదే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకో. డబ్బు కట్టేముందు కొటేషన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, చూస్తాను.

మీ మామయ్య