చీకట్లో కంటి ఖర్చు

చిరంజీవికి ఆశీస్సులు.

మెదడు ఖర్చు చేసే శక్తి మీద నువ్వు రాసిన వ్యాసం మంగళవారం చేరింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ‘మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, తినేది మాత్రం ఒంటి శక్తిలో 20 శాతం’ అని ఎత్తుకున్నావు. లెక్క సరైనదే. కానీ ఆ వాక్యం నేనే పాతికసార్లు వాడి ఉంటాను, నాకంటే ముందువాళ్ళు ఇంకా ఎక్కువసార్లు వాడారు. పాఠకుడు ‘ఔరా’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పి ఊరుకుంటే ఎలా తల్లీ? గీజరు తాగిందా, ఫ్రిజ్జు తాగిందా అని కదా ఇంట్లోవాళ్ళు అడిగేది!

మెదడు బిల్లులో పెద్ద పద్దు తోడిపోసే పనిది. నాడీకణం ఓటి పడవలాంటిది. బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. గోడలో చిన్న తలుపు తెరుచుకుంటే చాలు, సోడియం తోసుకొచ్చేస్తుంది. ఆ రాకే సంకేతం. రావడానికి ఖర్చేమీ లేదు, వాలుకి నీళ్ళు జారినట్టు వస్తుంది. వచ్చినదాన్ని మళ్ళీ బయటికి తోడాలి, అక్కడ పడుతుంది దెబ్బ. కణం గోడలోని పంపు ఒక్కో విడతకి 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, విడతకో ఏటీపీ అణువు చెల్లించుకుంటూ. ఏటీపీ అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే చిల్లర నాణెం అనుకో. 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ దీన్ని పీత కాళ్ళ నరాల్లో పట్టుకున్నాడు. నోబెల్ ఇచ్చేసరికి 1997 అయింది. నీ వ్యాసంలో మెదడు ఉంది, శక్తి ఉంది, విశ్వరహస్యం కూడా ఉంది. పీత లేదు. నేనైతే పీతతోనే మొదలుపెట్టేవాణ్ణి.

ఇప్పుడు అసలు తగాదాకి వస్తా. రెండో పేజీలో ‘వెలుగు సోకగానే కన్ను మేలుకుని శక్తిని ఖర్చు చేయడం మొదలుపెడుతుంది’ అని రాశావు. వినసొంపుగా ఉంది. విషయం మాత్రం తలకిందులు. రెటీనాలో దండాలు ఉంటాయని బళ్ళో చదివావు కదా, మసక వెలుతురులో పనికొచ్చే కణాలు. వాటి తలుపులు చీకట్లో తెరిచే ఉంటాయి. రాత్రంతా సోడియం లోపలికి కారుతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది. వెలుగు పడితే తలుపులు మూసుకుంటాయి, పంపుకి కాస్త ఊపిరి ఆడుతుంది. చిట్టెలుక కంటి మీద 2008లో వేసిన లెక్క ప్రకారం మంచి వెలుతురులో దండం ఖర్చు చీకటి ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండదు. అంటే అర్ధరాత్రి ఏమీ కనబడక నువ్వు తడుముకుంటున్న వేళకే నీ దండాలు అన్నిటికంటే ఎక్కువ కష్టపడుతున్నాయన్నమాట. ఇంత వింత చేతిలో పెట్టుకుని ‘కన్ను మేలుకుని’ అని రాస్తావా?

నిన్ను కోప్పడే హక్కు నాకేమంత లేదులే. కొత్తలో ఒక వారపత్రికకి రాస్తూ, కష్టమైన లెక్క చేసేటప్పుడు మెదడు రెట్టింపు శక్తి కాలుస్తుందని తేల్చేశాను. ఎవరో రిటైరైన లెక్చరరు గారు కార్డు ముక్క పంపారు: ‘రెట్టింపా? ఎవరు కొలిచారండీ?’ అంతే, ఇంకేమీ లేదు. ఆ కార్డు వారం రోజులు జేబులోనే తిరిగింది. కొలిచినవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. అమెరికాలో లూయీ సోకొలాఫ్, ఆయన తోటివాళ్ళు 1955లో మనుషుల చేత నోటిలెక్కలు చేయించి చూశారు. మొత్తం మెదడు వాడుకునే ఆక్సిజన్‌లో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. ఏ పనీ లేనప్పుడు కూడా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది మరి. పని తగిలినప్పుడు ఆ పనికి సంబంధించిన చోట మంట కొద్దిగా పెరుగుతుంది, అంతే.

అందుకే ప్రతి కబురూ మోసే స్తోమత మెదడుకి లేదు. కేంబ్రిడ్జ్‌లో సైమన్ లాఫ్లిన్ బృందం ఒక రకం ఈగ కంట్లో ధర కట్టింది, 1998లో. ఒక కణం పక్క కణానికి ఒక్క బిట్ సమాచారం, అంటే అవునా కాదా అన్నంత కబురు, అందించాలంటే సుమారు 10 వేల ఏటీపీ అణువులు కావాలట. ఈగకే అంతయితే మన సంగతి ఆలోచించు. మన ఒక్కో కంట్లో వెలుగు పట్టే కణాలు సుమారు 10 కోట్లు, మెదడుకి వెళ్ళే తీగలు మాత్రం 10 లక్షల చిల్లర. మిగతాది కంట్లోనే కోత పడుతుంది.

మారనిదాని మీద కోత ఇంకా గట్టిగా పడుతుంది. 1926లో ఏడ్రియన్, జోటర్‌మాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కప్ప కండరానికి చిన్న బరువు వేలాడదీసి దాని నరంలో పారే సంకేతాలు పట్టారు. మొదట టపటపమని జోరుగా కొట్టుకుంది. బరువు అక్కడే ఉంది, కొట్టుకోవడం మాత్రం నెమ్మదించింది. మన ఇళ్ళల్లో ఫ్యాను సంగతి చూడు. మధ్యాహ్నమంతా నెత్తిన కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంది, ఎవరికీ వినబడదు. కరెంటు పోగానే ‘అబ్బ, ఇంత మోతా ఇందాకటి దాకా!’ అనిపిస్తుంది. చెవీ మెదడూ కూడబలుక్కుని ఆ పద్దు కొట్టేశాయి. ఇది నీ వ్యాసంలో ఉండాల్సింది.

అన్నట్టు, మూడో పేజీలో ‘అద్భుతం’ ఏడుసార్లుంది. మూడోదాని దగ్గరే నాకు వినబడటం మానేసింది.

‘మనం మెదడులో పది శాతమే వాడతాం’ అన్న ముక్క కొట్టేశాను, దాని గురించి వాదన వద్దు. పెన్సిలు గీసినవి మిగతావన్నీ చిన్నవే, నీకే తెలుస్తాయి. రెండో పేజీ మటుకు మొత్తం తిరగరాయి. రాసే ముందు ఒక పని చెయ్యి. రాత్రి కిటికీలు మూసి, లైటు తీసేసి గదిలో అరగంట కూర్చో. మంచం కోడు ఎప్పుడు కంటికి ఆనింది, బీరువా పిడి ఎప్పుడు ఆనింది, నిమిషాలు మనసులో లెక్కపెట్టుకుని పొద్దున కాగితం మీద పెట్టు. పది నిమిషాలకే విసుగొస్తుంది, లేవకు. దండాలు పూర్తిగా అందుకోవడానికి అరగంట దాకా పడుతుంది.

ఫోను పక్కగదిలో పెట్టి కూర్చో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు