పిల్లల సర్వీసుల మీద కౌన్సిల్‌ని నిలదీసేదెవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఇంగ్లండ్ నుంచే, అదీ నర్సరీలు, సోషల్ వర్కర్లు, కౌన్సిల్ (అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం) చుట్టూనే తిరుగుతున్నాయి, అందుకే మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. కింద చెప్పేదంతా ఇంగ్లండ్‌కే. స్కాట్లాండ్, వేల్స్ రూల్స్ వేరు, కార్డిఫ్‌లో ఉన్నవాళ్లు ఇది చదివేసి అక్కడి కౌన్సిల్‌తో గొడవకి దిగకండి బాబూ.

ప్రశ్న: అక్కా, మా ఏరియాలో కౌన్సిల్ నడిపే చిల్డ్రన్స్ సెంటర్ ఉంది, మా పాపకి ఏడాదిన్నర, దాన్ని ఆడించడానికి అక్కడికే తీసుకెళ్తా, ఈ ఊళ్లో నాకు తెలిసిన నలుగురూ అక్కడ పరిచయమైనవాళ్లే. ఇప్పుడేమో డబ్బుల్లేవు, మూసేసే ఆలోచనలో ఉన్నాం అంటున్నారు. ఇది స్క్రూటినీ కమిటీ ముందుకి వస్తుంది, వెళ్లి మాట్లాడు అని ఒకావిడ చెప్పింది. మా ఆయన అదంతా టైంపాస్, పెద్దలు ఎప్పుడో డిసైడ్ అయిపోయారు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? (ఒక తల్లి, మిడ్‌ల్యాండ్స్)

జవాబు: మీ ఆయన సగం కరెక్టే అమ్మా, ఆ సగమేంటో ముందు చెప్తా. చాలా కౌన్సిళ్లలో అసలు నిర్ణయాలు తీసుకునేది క్యాబినెట్, అంటే లీడర్‌తో కలిపి మహా అయితే పది మంది కౌన్సిలర్లు. స్క్రూటినీ కమిటీ అనేది 2000 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టంతో వచ్చింది, క్యాబినెట్‌లో ఉన్నవాళ్లు ఇందులో మెంబర్లుగా ఉండకూడదు, మిగతా కౌన్సిలర్లు కూర్చుని ఎందుకు చేశారు, ఎలా చేశారు, డబ్బులేమయ్యాయి అని అడగడమే దీని పని. ఆపే పవర్ మాత్రం లేదు. క్యాబినెట్ నిర్ణయం తీసుకున్నాక, అది అమలయ్యేలోపు కాల్ ఇన్ అని ఒకటి చేయొచ్చు, గడువు ఒక్కో కౌన్సిల్ రూల్స్‌లో ఒక్కోలా ఉంటుంది, మామూలుగా ఐదు పనిదినాలు, అప్పుడు అమలు కాస్త ఆగుతుంది, కమిటీ మళ్లీ చూసి ఇంకోసారి ఆలోచించండి అని వెనక్కి పంపొచ్చు, క్యాబినెట్ మళ్లీ కూర్చుని మా మాట మాదే అంటే అంతే, అక్కడితో అయిపోతుంది.

మరి ఎందుకు వెళ్లాలి అంటే, నిర్ణయానికి ముందు అడిగే ప్రశ్నకి, తర్వాత అడిగే ప్రశ్నకి చాలా తేడా ఉంది కాబట్టి. చిల్డ్రన్స్ సెంటర్ మూసేముందు, పెద్ద మార్పు చేసేముందు జనాన్ని సంప్రదించాలని 2006 నాటి చైల్డ్‌కేర్ చట్టంలోనే ఉంది, అది చేశారా, సెంటర్‌కి వచ్చే తల్లుల్ని అడిగారా లేక ఆన్‌లైన్‌లో ఓ ఫారం పడేసి చేతులు దులుపుకున్నారా, ఇది మూస్తే కారు లేనివాళ్లు పక్క సెంటర్‌కి ఎన్ని బస్సులు మారాలి, ఇలాంటివి కమిటీలో ఒక్క కౌన్సిలర్ గట్టిగా అడిగినా జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. కమిటీ సిఫార్సు చేసి జవాబివ్వండి అని నోటీసిస్తే క్యాబినెట్ రెండు నెలల్లో చెప్పి తీరాలి, ఒప్పుకుంటామనో లేదనో. ఎడ్యుకేషన్ విషయాలు చూసే స్క్రూటినీ కమిటీలో పేరెంట్ గవర్నర్ల (స్కూల్ పాలకమండలిలో కూర్చునే తల్లిదండ్రుల) తరఫున ఎన్నికైన వాళ్లు కూడా ఉంటారు, ఆ విషయాల్లో వాళ్లకి ఓటు కూడా ఉంది, ఈ సంగతి మన తెలుగువాళ్లలో నేను అడిగిన ఒక్కరికీ తెలీదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీటింగ్ కాగితాలు ఐదు పనిదినాల ముందే కౌన్సిల్ వెబ్‌సైట్లో పెట్టాలి, అవి చదవండి, లావుగా ఉంటాయి, భయపడకండి, మీ సెంటర్ పేరున్న పేజీలు, ఖర్చుల పేజీ, ఎవరి మీద ఎంత ప్రభావం పడుతుందో రాసే పేజీ, ఈ మూడు చాలు. మాట్లాడటానికి పేరు ఎప్పటిలోగా ఇవ్వాలో కౌన్సిల్ని బట్టి ఉంటుంది, డెమోక్రటిక్ సర్వీసెస్ అని ఒక విభాగం ఉంటుంది, వాళ్లకి ఫోన్ చేస్తే చెప్తారు. ఆ కమిటీలో ఉన్న కౌన్సిలర్‌కి ముందే ఈమెయిల్ పెట్టి మీ ప్రశ్న ఆయన నోట అడిగించగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మీకు మూడు నిమిషాలే ఇస్తే ఆయనకి తిరిగి అడిగే ఛాన్స్ ఉంటుంది. ఇంకోటి, మీది కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండూ ఉన్న ఏరియా అయితే చెత్తబుట్టలు చూసే డిస్ట్రిక్ట్ కౌన్సిల్ దగ్గరికి వెళ్లి అరిస్తే లాభం లేదు, పిల్లల సర్వీసులు కౌంటీవి.

ఈ కమిటీలు నిద్రపోతే ఏమవుతుందో ఉత్తర ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్ ఊళ్లో చూశాం. 1997 నుంచి 2013 మధ్య అక్కడ తక్కువలో తక్కువ 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని కౌన్సిల్ వేసిన విచారణలో అలెక్సిస్ జే రిపోర్ట్ 2014 ఆగస్టులో చెప్పింది, 2015 ఫిబ్రవరిలో ప్రభుత్వం పంపిన లూయీజ్ కేసీ వెళ్లి చూసి ఆ కౌన్సిల్ పనికిరాదని తేల్చేశారు, క్యాబినెట్ మొత్తం రాజీనామా ప్రకటించింది, ప్రభుత్వం కమిషనర్లని పంపింది. ఎన్నికైనవాళ్లు ఆఫీసర్లు చెప్పిందానికి తలూపడం కాక గట్టిగా అడిగి ఉంటే అన్నన్ని ఏళ్లు సాగేదా అది.

ప్రశ్న: మేడం, ఆఫ్‌స్టెడ్ వాళ్లు వచ్చి మా కౌన్సిల్ చిల్డ్రన్స్ సర్వీసెస్‌కి గుడ్ ఇచ్చారు. మళ్లీ ఈ కౌన్సిలర్లు చూసేదేముంది? (ఒక పాఠకుడు, రీడింగ్)

జవాబు: ఆఫ్‌స్టెడ్ అంటే స్కూళ్లని, నర్సరీలని, పిల్లల సర్వీసుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, వాళ్ల తనిఖీ మామూలుగా మూడేళ్లకోసారి, మధ్యలో ఒకట్రెండు విషయాల మీద చిన్న విజిట్లు, ఏడాదికోసారి మాట్లాడుకోవడం, అంతే. మిగతా రోజులు? ఆ గ్రేడ్ ఇచ్చాక ఆరుగురు సీనియర్ సోషల్ వర్కర్లు మానేసి వాళ్ల చోట తాత్కాలికంగా ఏజెన్సీ వాళ్లు వస్తే ఆ బోర్డు మీద గుడ్ అనే ఉంటుంది. అందుకే కౌన్సిలర్ అడగాల్సినవి అడగాలి, ఒక్కో వర్కర్ మీద ఎంతమంది పిల్లలున్నారు, ఏజెన్సీ వాళ్లు ఎంత శాతం, ఒకే పిల్లాడికి ఏడాదిలో ఎంతమంది వర్కర్లు మారారు, ఎంతమందిని ఊరికి ఇరవై మైళ్ల అవతల పెట్టారు. కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలు ఇంగ్లండ్ మొత్తం మీద 2024 మార్చికి 83 వేలకు పైగా, వాళ్లకి తల్లిదండ్రుల స్థానంలో ఉండే కార్పొరేట్ పేరెంట్ కౌన్సిలే, అంటే పార్టీ ఏదైనా ప్రతి కౌన్సిలరూ ఆ బాధ్యతలో భాగమే, 2017 చట్టంలో దీనికి ఏడు సూత్రాలు రాసి మరీ పెట్టారు. నా అనుభవంలో కొందరు కౌన్సిలర్లు రోడ్డు మీద గుంత గురించి మాట్లాడినంత సేపు ఈ పిల్లల గురించి మాట్లాడరు, గుంత గురించి ఫోన్లు వస్తాయి, వీళ్ల గురించి రావు మరి.

ప్రశ్న: అక్కా, మా బాబుకి మూడేళ్లు నిండాయి. 15 గంటలు ఫ్రీ అన్నారు గానీ నర్సరీ వాళ్లు లంచ్, యాక్టివిటీస్ అని బిల్లు వేస్తున్నారు, కట్టకపోతే సీటు లేదంటున్నారు. పైగా మాది స్కిల్డ్ వర్కర్ వీసా, ఎక్కువ మాట్లాడితే వీసాకి ఏమన్నా అవుతుందా? (ఒక పాఠకురాలు, లండన్ శివార్లు)

జవాబు: ముందు వీసా భయం తీసేయండి. మూడు, నాలుగేళ్ల పిల్లలకి ఉన్న ఆ 15 గంటలు అందరికీ, మీ వీసా ఏదన్నది అడగరు, పుట్టినరోజు తర్వాత వచ్చే టర్మ్ నుంచి, అంటే జనవరి, ఏప్రిల్, సెప్టెంబర్ లెక్కన మొదలవుతాయి. వీసా అడ్డొచ్చేది ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి ఇచ్చే 30 గంటల స్కీం దగ్గర, 2025 సెప్టెంబర్ నుంచి అది తొమ్మిది నెలల పిల్లల దాకా వచ్చింది గానీ భార్యాభర్తల్లో కనీసం ఒకరికి పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే సాయాలు, వాడుకునే హక్కు ఉండాలి. వీసా మీద ఉన్న మనవాళ్లు చాలామంది ఈ రెండిటినీ కలిపేసి మాకేదీ రాదులే అని 15 గంటలు కూడా వదిలేస్తున్నారు, అది చూస్తేనే కడుపు మండుతుంది.

ఇక బిల్లు. భోజనానికి, డైపర్లకి, అదనపు యాక్టివిటీలకి డబ్బు అడగొచ్చు, కానీ కట్టడం మీ ఇష్టం మీద ఉండాలి, కడితేనే సీటు అనకూడదు. పెరుగన్నం డబ్బా పంపిస్తానంటే ఒప్పుకోవడమో వేరే దారి చూపించడమో చేయాలి. బిల్లులో ఫ్రీ గంటలు వేరే, భోజనం వేరే, అదనపు గంటలు వేరే విడివిడిగా కనిపించాలి. ఒకటి మాత్రం చూసుకోండి, ఆ 15 గంటలు ఏడాదికి 38 వారాలే, మొత్తం 570 గంటలు, నర్సరీ దాన్ని ఏడాదంతా పరిస్తే వారానికి 11 గంటలే కనిపిస్తాయి, అది మోసం కాదు.

ముందు నర్సరీ మేనేజర్‌కి ఈమెయిల్, తేలకపోతే కౌన్సిల్ ఎర్లీ ఇయర్స్ టీంకి, ఎందుకంటే ఈ గంటల డబ్బు నర్సరీకి చేరేది కౌన్సిల్ ద్వారానే, ఒప్పందం ఉంటుంది. ఆఫ్‌స్టెడ్ చూసేది పిల్లల భద్రత, చదువు, స్టాఫ్ నిష్పత్తి, రెండేళ్లలోపు ముగ్గురికి ఒకరున్నారా లేదా అన్నట్టు, బిల్లుల గొడవ వాళ్లది కాదు. నర్సరీ వాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ప్రభుత్వం ఇచ్చే రేటు చాలట్లేదన్న వాళ్ల గోల ఉత్తిది కాదు. కౌన్సిల్ మధ్యలో ఎంత పట్టుకుంటుందన్నదానికి పరిమితి ఉంది, 2025-26కి కనీసం 96 శాతం నర్సరీలకి ఇచ్చేయాలని పెట్టారు. తమ ఏరియాలో చైల్డ్‌కేర్ సీట్లు సరిపోతున్నాయా లేదా అని కౌన్సిల్ ఏడాదికోసారి కౌన్సిలర్లకి రిపోర్ట్ ఇచ్చి తల్లిదండ్రులకి కూడా అందుబాటులో పెట్టాలి, దాన్ని అడిగి తెచ్చుకోండి, మీలాంటి ఫిర్యాదులు అందులో కనిపిస్తున్నాయో లేదో చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్లో అమ్మ కొట్టింది అన్నాడట, రెండో రోజే సోషల్ వర్కర్ వచ్చింది. ఒక్క దెబ్బే వేశాను. పిల్లాడిని తీసుకెళ్లిపోతారా? కౌన్సిలర్‌కి చెప్తే ఆగుతుందా? (పేరు వద్దు)

జవాబు: అమ్మా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. సోషల్ వర్కర్ తనంతట తాను పిల్లాడిని తీసుకెళ్లలేదు, కోర్టు ఆర్డరు కావాలి, లేదా తక్షణ ప్రమాదం ఉందనుకుంటే పోలీసులు గరిష్ఠంగా 72 గంటలు, లేదా మీరే ఒప్పుకోవాలి. అందుకే అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, మీ ఆయనో పక్కింటి తెలుగావిడో కాదు, బయటి మనిషి. పిల్లాడితో వాళ్లు విడిగా మాట్లాడతారు, మాట్లాడనివ్వండి, ఏం చెప్పాలో వాడికి నేర్పించకండి, అది తేలిగ్గా దొరికిపోతుంది.

ఇంగ్లండ్‌లో పిల్లాడిని కొట్టిన తల్లిదండ్రులకి కోర్టులో న్యాయమైన దండన అన్న వాదన ఇంకా మిగిలే ఉంది, 2004 చట్టం దాన్ని చాలా కుదించింది, వాత తేలితే, కమిలితే అది నిలబడే అవకాశం తక్కువ. స్కాట్లాండ్‌లో 2020 నుంచి, వేల్స్‌లో 2022 నుంచి అసలు చేయి చేసుకోవడమే నేరం. మనం తిన్నాం కదా దెబ్బలు, ఏమైంది అనే మాట వాళ్ల ముందు అనకండి, నిజానికి ఇంట్లో కూడా అనొద్దు.

కౌన్సిలర్ మీ తరఫున ఫలానా విషయం ఎంతవరకు వచ్చింది అని అడగగలడు గానీ సోషల్ వర్కర్ నిర్ణయం మార్చలేడు, మార్చకూడదు కూడా, ఎన్నికైనవాళ్లు ఫోన్ చేస్తే కేసులు మూతపడే ఊళ్లు మనకి తెలియనివేం కాదు. స్క్రూటినీలో ఒక్కో కుటుంబం సంగతి చర్చించరు. మీతో సరిగ్గా ప్రవర్తించలేదు, చెప్పిన టైంకి చేయలేదు అంటే కంప్లయింట్ దారి వేరే ఉంది, మొదటి దశ పది పనిదినాలు, కుదరకపోతే ఇరవై, తర్వాత విడిగా విచారణ, ఆ తర్వాత ప్యానెల్, అప్పటికీ తేలకపోతే ఆంబుడ్స్‌మన్, అంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసే బయటి అధికారి. పిల్లాడి సంరక్షణ కోసం కౌన్సిల్ కోర్టుకి వెళ్తే మాత్రం తల్లిదండ్రులకి ఆదాయంతో పని లేకుండా లీగల్ ఎయిడ్ వస్తుంది, ఆ టైంలో లాయర్ లేకుండా ఉండకండి.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకుని, 14 ఏళ్లు, ఇక్కడ మా నాన్నగారి పినతండ్రి కొడుకు ఇంట్లో ఏడాది ఉంచి చదివిద్దామనుకుంటున్నాం. కౌన్సిల్‌కి చెప్పాలన్నారు. సొంతవాళ్ల ఇంట్లో ఉంటే కౌన్సిల్‌కేంటి? (ఒక పాఠకుడు, మాంచెస్టర్)

జవాబు: చెప్పాలి తమ్ముడూ. 16 ఏళ్లలోపు పిల్లలు దగ్గరి బంధువు కానివాళ్ల ఇంట్లో 28 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రైవేట్ ఫోస్టరింగ్ అంటారు, ఆరు వారాల ముందే కౌన్సిల్‌కి తెలపాలి. దగ్గరి బంధువంటే తాత, నాయనమ్మ, అమ్మమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల సొంత తోబుట్టువులు, వాళ్ల భార్యాభర్తలు, సవతి తల్లిదండ్రులు. అబ్బాయికి మీరు సొంత బాబాయి, మీ ఇంట్లో ఉంచుకుంటే ఈ గొడవే లేదు, వాడికి వరసకి తాతయ్యే అయినా మీ నాన్నగారి పినతండ్రి కొడుకు ఈ లెక్కలోకి రాడు. చెప్పాక సోషల్ వర్కర్ ఏడు పనిదినాల్లో వచ్చి చూస్తుంది, మొదటి ఏడాది ఆరు వారాలకోసారి వస్తుంది.

ఇదేదో పరాయి దేశం వాళ్ల అతి అనుకోకండి. విక్టోరియా క్లింబీ అని ఐవరీ కోస్ట్ పిల్ల, బాగా చదివిస్తానని తండ్రికి పిన్నో అత్తో అయ్యే ఆవిడ తీసుకొచ్చింది, 2000 ఫిబ్రవరి 25న లండన్‌లో చనిపోయేటప్పటికి ఎనిమిదేళ్లు, ఒంటి మీద 128 గాయాలు. నాలుగు కౌన్సిళ్ల సోషల్ సర్వీసులు, పోలీసులు, ఆసుపత్రులు, అందరి కంటా పడింది ఆ పిల్ల, ఎవరూ ఆపలేదు. ఆ పిల్ల చావు మీద లార్డ్ లామింగ్ చేసిన విచారణ రిపోర్ట్ 2003లో బయటికొచ్చాక, అది నా పని కాదు అనే మాట ఇంకెవరూ అనకుండా 2004 చట్టంలో ప్రతి కౌన్సిల్‌లో పిల్లల సర్వీసులకి ఒక డైరెక్టర్, జవాబుదారీగా ఒక కౌన్సిలర్ ఉండాలని రాశారు. మీ కౌన్సిల్ వెబ్‌సైట్లో వాళ్లిద్దరి పేర్లూ ఉంటాయి.

ప్రశ్న: మేం ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లం, మా మాట ఈ కౌన్సిలర్లు ఎందుకు వింటారు? (ఇద్దరు పాఠకులు ఇంచుమించు ఇదే అడిగారు)

జవాబు: మీకు ఓటుంది కాబట్టి. ఇండియా కామన్వెల్త్ దేశం, ఇక్కడ ఉండటానికి ఏ వీసా ఉన్నా సరే, 18 నిండితే, లోకల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు, ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) వచ్చాక కౌన్సిలర్‌గా నిలబడొచ్చు కూడా. ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాలు, పోలింగ్ బూత్‌కి వెళ్తే ఫొటో ఐడీ అడుగుతారు, మన పాస్‌పోర్టు చెల్లుతుంది.