ఏ కాలమ్ ముందు? పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది పర్లాకిమిడి, కిరాణా కొట్టు. మా అమ్మాయి బీటెక్ సివిల్ ఆఖరి ఏడాది. భూముల మ్యాపుల ప్రాజెక్ట్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. డేటాబేస్‌లో మల్టీకాలమ్ ఇండెక్స్‌లు పైథాన్ కోడ్‌తో వెయ్యమన్నారట, రాత్రి రెండింటిదాకా దానితోనే కుస్తీ. దీనికి ఉద్యోగాలున్నాయా సార్? హైదరాబాద్‌లో 60,000 కట్టి జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) కోర్సులో చేర్చనా, బ్యాంక్ కోచింగ్‌కి పంపనా?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ముందు అమ్మాయి చేస్తున్న పనేమిటో చెబుతాను. అది మీకు కొత్తదేం కాదు.

మీ అరువు పుస్తకం వీధులవారీగా, ఒక్కో వీధిలో పేర్లవారీగా రాసుకున్నారనుకోండి. ‘పెద్దవీధి అప్పారావు’ అంటే చిటికెలో తీస్తారు. ఉత్త అప్పారావు అంటే? మన వైపు వీధికి ఇద్దరు అప్పారావులు. పుస్తకమంతా తిరగెయ్యాలి. మల్టీకాలమ్ ఇండెక్స్, అంటే డేటా పట్టికలో ఒకటికి మించిన నిలువు వరుసలతో (కాలమ్‌లతో) వేసే సూచిక, అచ్చంగా ఆ పుస్తకమే. 45వ నంబర్ ప్లాటు ఏదో ఒక్క మౌజాలో (రెవెన్యూ గ్రామంలో) ఉండదు, ఊరూరా ఉంటుంది. అందుకే గ్రామం కోడ్ ముందు, ప్లాట్ నంబర్ తర్వాత. తిరగేసి వేస్తే, ఊరి కోడ్ ఒక్కటే ఇచ్చి ఆ ఊరి ప్లాట్లన్నీ అడిగినప్పుడు ఆ ఇండెక్స్ పెద్దగా అక్కరకు రాదు. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో స్కిప్ స్కాన్ అని, మొదటి కాలమ్ చెప్పకపోయినా ఇండెక్స్ వాడుకునే కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ, మొదటి కాలమ్‌లో వేర్వేరు విలువలు కొద్దిగా ఉన్నప్పుడే దాని లాభం.

ఇక్కడ మీ అమ్మాయికి హైదరాబాద్ పిల్లలకు లేని పట్టు ఒకటుంది. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియా రికార్డులో పారళాఖెముండి. మనిషికి ఒకే ఊరు, కంప్యూటర్‌కి రెండు. ఊరి పేరు మీద ఇండెక్స్ వేస్తే సగం రికార్డులు దొరకవు. పేరు పక్కన పెట్టి జనగణన కోడ్ మీద వెయ్యాలి. కొటియా గ్రామాల్లాంటి చోట, ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటున్నచోట, రాష్ట్రం కోడ్ కూడా ఒక కాలమ్‌గా ఉండాల్సిందే. రెండు లిపులూ చదివే పిల్లకి ఈ చిక్కు ముందే కనబడుతుంది.

ఇక ప్లాటు ఆకారం దాచే జియామెట్రీ కాలమ్ వేరే జాతి. దానికి బీ-ట్రీ అనే మామూలు రకం ఇండెక్స్ కుదరదు, ఆకారాలను వెతకడానికి పనికొచ్చే జిస్ట్ ఇండెక్స్ వెయ్యాలి. జియామెట్రీతో పాటు గ్రామం కోడ్ కూడా అదే ఇండెక్స్‌లో కావాలంటే బీట్రీ-జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) ముందు పెట్టుకోవాలి. అందులో రాష్ట్రం కోడ్ లాంటి, రెండు మూడు విలువలే ఉండే కాలమ్ మొదట పెడితే ఇండెక్స్ ఉండీ లేనట్టే. నా మటుకు నేను రెండూ విడివిడిగా వేసి చూడమంటాను, పోస్ట్‌గ్రెస్ వాటిని కలిపి వాడుకోగలదు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక మ్యాపింగ్ కంపెనీలో పనిచేశాను. పట్టపగలు, పదకొండు గంటలకి, ఫీల్డ్ వాళ్లు డేటా ఎక్కిస్తున్న టేబుల్ మీదే ‘క్రియేట్ ఇండెక్స్’ కమాండ్ కొట్టాను. అది అయ్యేదాకా ఆ టేబుల్‌లో చదవడం సాగుతుంది, రాయడం ఆగిపోతుంది. మూడు ఊళ్ల నుంచి ఫోన్లు! రాయడం ఆపకుండా ఇండెక్స్ వేసే ‘కాంకరెంట్లీ’ అన్న మాట చేర్చి ఉంటే ఆ తిట్లు తప్పేవి. సాయంత్రం దాన్ని పైథాన్‌లో చేర్చబోతే, ట్రాన్సాక్షన్ (పనులన్నీ ఒక మూటగా కట్టి చేసే పద్ధతి) లోపల నడవనంది. ఏ కమాండ్‌ని ఆ కమాండ్ అప్పటికప్పుడే ఖాయం చేసే ఆటోకమిట్ ఆన్ చేశాక నడిచింది. మీ అమ్మాయి రెండింటిదాకా కూర్చున్నది బహుశా ఇక్కడేనేమో, అడగండి. ఇలా వేస్తుండగా మధ్యలో తెగిపోతే చెడిన ఇండెక్స్ ఒకటి అదే పేరుతో మిగిలిపోతుంది. కోడ్‌లో ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్’ (లేకపోతేనే వెయ్యి) అని రాసి ఉంటే, ఇండెక్స్ ఉందిలే అనుకుని దాటేస్తుంది. దాన్ని తీసేసి మళ్లీ వెయ్యాలి.

ఉద్యోగాల మాట. ఇండెక్స్ ఒక్కదాని కోసం ఎవరూ పిలవరు. మ్యాపు మీద గీతలు గీసే డిజిటైజేషన్ పనిలోనే ఉంటే జీతం ఎదగడం కష్టం, డేటాబేస్, పైథాన్ వైపు జరిగితేనే జీఐఎస్ డెవలపర్ పనులకు దారి. భువనేశ్వర్‌లో ఒర్సాక్ (ఒడిశా ప్రభుత్వ ఉపగ్రహ మ్యాపుల కేంద్రం), హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉన్నాయి, వాటి నోటిఫికేషన్లు చూస్తూ ఉండమనండి. గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ (సర్వే, మ్యాపుల శాస్త్రం) పేపర్ ఉంది, సివిల్ వాళ్లకు అది అందుబాటులోదే. మ్యాపులు చేసే క్యూజీఐఎస్, పోస్ట్‌గ్రెస్‌లో మ్యాపులు దాచే పోస్ట్‌జీఐఎస్, ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. డెహ్రాడూన్‌లో ఇస్రో వారి శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ నడిపే చాలా ఆన్‌లైన్ కోర్సులకూ ఫీజు లేదు. అందుకే 60,000 ఆపమన్నాను.

ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ కన్నా ఒక కాగితం పట్టుకెళ్లమనండి. ఒకే ప్రశ్నకు ఇండెక్స్ వెయ్యకముందు, వేశాక ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’ (ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) చెప్పిన సమయాలు, ఏ కాలమ్ ముందు పెట్టింది, ఎందుకు పెట్టింది. అడిగేవాడు ఆ ‘ఎందుకు’ దగ్గరే పట్టుకుంటాడు.

బ్యాంక్ కోచింగ్ సంగతి ఇంటర్న్‌షిప్ అయ్యాక అమ్మాయినే అడగండి. తనకే ఇష్టముంటే పంపండి. మీ టెన్షన్ తగ్గడానికైతే మాత్రం వద్దు.