రైఫిల్ బ్యారెల్ కోసం బంగారం తాకట్టా?

ప్రశ్న: ఒంగోలులో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. జీతం 62 వేలు, ఇంటి లోను కిస్తీ 18 వేలు. నెలకు 10 వేల చొప్పున 2 లక్షల చీటీ కడుతున్నాను, ఇది ఎనిమిదో నెల. లైసెన్సున్న .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో (ప్రతి షాట్‌కూ బోల్ట్ అనే పిడిని చేత్తో లాగి తూటా ఎక్కించే రకం) 50 మీటర్ల ప్రోన్ పోటీలకు, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలకు వెళ్తుంటాను. గ్రూపింగ్ సరిగా రావడం లేదు, తూటాలు ఒకచోట గుంపుగా పడటం లేదు. కొత్త స్టాక్‌కు (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆన్చుకునే భాగం) లక్షన్నర, బ్యారెల్ (గొట్టం) మార్పించడానికి 90 వేలు అవుతుందన్నారు. చీటీ పాడనా, మా ఆవిడ బంగారం పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. కనీసం ఈ సీజన్‌లో వద్దు.

ముందు లెక్క చూద్దాం. 2 లక్షల 40 వేలకు రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 2,400, ఏడాదికి 28,800. ఏడాది చివర అసలు కట్టలేక, వడ్డీ మాత్రం కట్టి తాకట్టు తిరగరాయించుకునే వాళ్లను నెల్లూరులో నా టేబుల్ ముందు రోజూ చూస్తుంటాను. ఇక చీటీ. ఎనిమిదో నెలలోనే పాడితే పాటకు ఏ 40 వేలో వదులుకోవాలి. చేతికొచ్చే లక్షా అరవై వేలతో మీ పని పూర్తికాదు, మళ్లీ అప్పే.

అసలు తప్పు రైఫిల్లో ఎక్కడుందో తేల్చుకున్నారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 పట్టుకున్న అనుభవంతో అడుగుతున్నాను. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. తూటా వెడల్పే 5.6. అంత సన్నటి లెక్కలో చిన్న మరలు వదులైనా గ్రూప్ చెదురుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. బోల్ట్ తీసేసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వంద రూపాయల నోటును బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి యాక్షన్ (బోల్ట్ ఉండే లోహపు భాగం) వైపు లాగండి. మధ్యలో పట్టేస్తే స్టాక్ బ్యారెల్‌ను తాకుతున్నట్టే. కట్టె స్టాక్ అయితే మన కోస్తా గాలిలో తేమకు ఉబ్బుతుంది కూడా. అన్ని రైఫిళ్లకూ ఈ ఖాళీ తప్పనిసరి కాదు గానీ, ఒకచోట తాకి మరోచోట తాకకపోతే మాత్రం బ్యారెల్ ఒక్కో షాట్‌కు ఒక్కోలా అదురుతుంది. తాకే చోట కాస్త చెక్కించి, యాక్షన్ కూర్చునే చోట అది కదలకుండా ఎపాక్సీ జిగురుతో బెడ్డింగ్ (గట్టి పరుపు) చేయించి, మరలు కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. కొత్త స్టాక్ ఖర్చులో ఇది ఏ మూలకు?

తర్వాత తూటాలు. ఒకే బ్రాండులో కూడా ఒక లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) ఒక బ్యారెల్‌కు నప్పుతుంది, ఇంకోటి నప్పదు. లైసెన్సు కోటాకు లోబడి మూడు నాలుగు లాట్లు తెచ్చి, రైఫిల్‌ను ఆన్చి, ఒక్కోదానితో అయిదేసి గ్రూపులు కొట్టి కాగితాలు దాచుకోండి. ఇందుకు నెలకు 4 వేలు విడిగా తీయండి. మీ జీతంలో అది కుదురుతుంది.

బ్యారెల్ మాట చివరిది. సీసపు తూటా, తక్కువ పీడనం కాబట్టి .22 బ్యారెల్ ఏ పదివేల రౌండ్లకో అరిగిపోయేది కాదు. పైగా అది ఆయుధంలో భాగం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సున్న రిపేరుదారు చేతే చేయించాలి. ముందుగా మీ లైసెన్సు ఇచ్చిన అధికారిని కూడా అడగండి. బిల్లు లేకుండా చేస్తానన్నవాడి గడప తొక్కొద్దు.

స్టాక్ అనగానే మా ఆఫీసులో అందరూ షేర్లనుకున్నారు! దాని విషయంలో మీకు సగం మార్కులు ఇస్తాను. చెంప ఆనే చోటు, భుజానికి ఆనే ప్లేటు ఒంటికి తగ్గట్టు జరుపుకునే స్టాక్ వల్ల ప్రోన్‌లో నిజంగానే లాభముంది. కాకపోతే అది కొత్తదే కానక్కర్లేదు. ఇదే మోడల్ రైఫిల్ వాడి పైస్థాయికి వెళ్లిన షూటర్ల దగ్గర పాతది దొరుకుతుందేమో రేంజిలో అడిగి చూడండి. దాన్ని మీ రైఫిల్‌కు బిగించి ఇరవై షాట్లు కొట్టాకే డబ్బు చేతిలో పెట్టండి. చీటీ ఆఖరి నెలల్లో పెద్దగా తగ్గింపు లేకుండా వస్తుంది, అప్పటిదాకా ఆగండి.